అప్‌డేట్: స్టాక్ డేటాబేస్‌కి ఏఐ అసిస్టెంట్ కనెక్ట్ అయింది, తప్పు ప్రింట్ లైన్లలనే ఉండె

పోయిన నెల ఇక్కడ అడిగిన కదా, వరంగల్ కొత్తవాడల మా దర్రీల షాపు స్టాక్‌ని ఎంసీపీ (ఏఐ అసిస్టెంట్‌ని బయటి డేటాకు, టూల్స్‌కి కలిపే పద్ధతి) ద్వారా ఏఐ అసిస్టెంట్‌కి కలుపుతుంటే సర్వర్ (స్టాక్ లెక్క అసిస్టెంట్‌కి అందించే ప్రోగ్రాం) మొదలైతది, వెంటనే కనెక్షన్ తెగిపోతదని. దొరికింది. పైథాన్‌ల నేను రాసుకున్న సర్వర్‌ల చెక్ చేసుకోడానికని అక్కడక్కడ ప్రింట్ లైన్లు (ప్రోగ్రాం ఏం చేస్తుందో రాసి చూపించే కోడ్) పెట్టిన, అదే కొంప ముంచింది. మన కంప్యూటర్‌లనే నడిచే ఎంసీపీ సర్వర్ మామూలుగా స్టాండర్డ్ అవుట్‌పుట్ (ప్రోగ్రాం తన జవాబులు బయటికి పంపే దారి, ప్రింట్ కూడా అందులనే పడ్తది) మీదనే అసిస్టెంట్‌కి జేసన్ (ఒక ఖచ్చితమైన పద్ధతిల రాసిన డేటా) మెసేజ్‌లు పంపుతది, ఆ దారిల వేరే ఒక్క ముక్క పడ్డా అవతలి పక్క చదవలేకపోతది. ప్రింట్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కి (తప్పులు, నోట్లు పోయే వేరే దారికి) మళ్లించిన, అంతే, పని చేసింది.

అప్పుడు లాగ్ ఫైల్ (ప్రోగ్రాం ఏం చేసిందో రాసి పెట్టే ఫైల్) తెరిచి చూడమని జవాబు ఇచ్చిన అన్నకు చాలా థ్యాంక్స్, అక్కడనే అసలు సంగతి కనబడ్డది. యాంటీవైరస్ ఆపుడు, పైథాన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుడు, నెట్ మార్చుడు, వీటికి సంబంధమే లేదు, నాకు రెండు రోజులు పోయినయ్.

డేటాబేస్‌కి చదివే పర్మిషన్ మాత్రమే ఉన్న యూజర్‌ని పెట్టమన్న అక్క మాట కూడా విన్న, ఇది మాత్రం తప్పకుండా చేయండి, పొరపాటున స్టాక్ లెక్క మారిపోతే నేత పనోళ్ల కూలి లెక్క కూడా తప్పుతది. ఇప్పుడు మా బాపు నీలం దర్రీలు ఎన్నున్నయని తెలుగుల అడిగితే సరైన లెక్కే వస్తుంది.