మే చివర్లో మనాలీ: ఈ ప్లాన్ సరిపోతుందా?

ప్రశ్న:
మే ఆఖరి వారంలో నలుగురం వెళ్తున్నాం. నేను, మావారు, ఏడేళ్ల బాబు, అరవై దాటిన అత్తయ్యగారు (బీపీ మాత్రలు వాడతారు). ఆదివారం రాత్రి ఢిల్లీ కశ్మీరీ గేట్‌లో వోల్వో ఎక్కి సోమవారం పొద్దున దిగుతాం. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్లాన్ ఇది: సోమవారం హడింబా గుడి, వశిష్ఠ్. మంగళవారం రోహ్‌తాంగ్ కనుమ (పాస్). బుధవారం సోలంగ్‌లో పారాగ్లైడింగ్. గురువారం కులూలో రాఫ్టింగ్. శుక్రవారం సాయంత్రం తిరుగు బస్సు. అత్తయ్యగారికి ఆ ఎత్తు పడుతుందా? బాబుని పారాగ్లైడింగ్ ఎక్కించొచ్చా? మంచు తప్పకుండా కనిపించాలి, వాడి పట్టుదల అదే.

జవాబు 1:
ముందు ఆ మంగళవారం మార్చించండి. రోడ్డు మరమ్మతుల కోసం మంగళవారాలు రోహ్‌తాంగ్‌కి టూరిస్టు పర్మిట్లు ఇవ్వరు. ఆ మాత్రం చూసుకోకుండా ప్లాన్ రాసిచ్చారంటే మిగతాదీ ఓసారి సరిచూసుకోవడం మంచిది.

పర్మిట్ మనిషికి కాదు, బండికి. గ్రీన్ ట్రిబ్యునల్ ఆంక్షల ప్రకారం రోజుకు 1,200 బళ్లే, అందులో పెట్రోల్‌వి 800, డీజిల్‌వి 400. రుసుము 500 రూపాయలు, దానిమీద 50 రూపాయలు కంజెషన్ (రద్దీ) ఛార్జీ. ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, మే సీజన్‌లో చూస్తుండగానే అయిపోతాయి. టాక్సీ అయితే డ్రైవరే తీస్తాడు. అడ్వాన్స్ ఇచ్చేముందు పర్మిట్ కాపీ ఫోన్‌కి తెప్పించుకుని తేదీ, బండి నంబరు చూడండి. నంబరు తేడా ఉంటే గులాబా చెక్‌పోస్టు దగ్గరే వెనక్కి పంపేస్తారు. "రోహ్‌తాంగ్ సైడ్" అని బేరం కుదుర్చుకుని దారి మధ్యలో వచ్చే మఢీలోనే దింపేసేవాళ్లూ ఉంటారు. కాబట్టి "పాస్ టాప్ (కనుమ పైదాకా)" అని మెసేజ్‌లో రాయించుకోండి.

మంగళవారానికి అటల్ టన్నెల్ మీదుగా, దాని అవతలున్న సిస్సు ఊరు పెట్టుకోండి, దానికి పర్మిట్ అక్కర్లేదు. 9.02 కిలోమీటర్ల సొరంగం, 2020 అక్టోబరులో తెరిచారు. లోపల బండి ఆపకూడదు, ఫోటోలకని దిగితే జరిమానా. పొద్దున ఆరింటికల్లా బయల్దేరండి. తొమ్మిది దాటితే పల్చాన్ నుంచి సోలంగ్ దాకా బళ్లు కదలవు.

జవాబు 2:
ఎత్తు సంగతి చెప్తాను. మనాలీ సుమారు 2,050 మీటర్లు, సిస్సు 3,100 పైచిలుకు, రోహ్‌తాంగ్ 3,978. పైన గాలిలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతమే. మూడు గంటల్లో 1,900 మీటర్లు ఎక్కేస్తున్నారు కాబట్టే తలనొప్పి, వికారం. రోహ్‌తాంగ్ ఎంత వెనక్కి జరిపితే అంత మేలు, గురువారం పెట్టుకోండి. మంగళవారం సిస్సులో అత్తయ్యగారు ఎలా ఉన్నారో చూస్తే అప్పుడే తెలిసిపోతుంది. అక్కడే ఆయాసపడితే గురువారం ఆవిడ మనాలీలోనే ఉండిపోవాలి, మొహమాటం వద్దు.

బీపీ మాత్ర ఏ రోజూ మానకూడదు. వెళ్లేముందు డాక్టరుకి ఈ ఎత్తులు చెప్పి అడగండి. ఎత్తు పడకపోతే వాడే డయామాక్స్ మాత్ర సొంతంగా వేసుకోవద్దు. అది ఒంట్లో నీరు లాగే మందు. ఆవిడ బీపీ మాత్రలో అలాంటిదే ఉంటే రెండూ కలిసి ఇబ్బంది పెడతాయి, సల్ఫా అలర్జీ ఉన్నవాళ్లకీ పడకపోవచ్చు. పైకెళ్లి అదే పూట దిగొచ్చేవాళ్లకి మామూలుగా దాని అవసరం రాదు. పైన గంటకు మించి ఉండకండి, పరిగెత్తకండి. తల తిరిగినా, అడుగులు తడబడినా అప్పటికప్పుడు కిందికి దిగాలి. దారిలో అమ్మే ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, దాన్ని నమ్ముకుని పైనే కూర్చోవద్దు.

మంచు అంటారా, మే చివరికి సోలంగ్‌లో పచ్చగడ్డే. గుర్రాలవాళ్లు "స్నో పాయింట్" అంటే చాలాసార్లు మట్టిపట్టిన చిన్న కుప్ప. రోహ్‌తాంగ్ పైన మాత్రం ఉంటుంది. కోటు, గమ్‌బూట్లు దారిలో అద్దెకిస్తారు. బూట్ల లోపల చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. మేజోళ్లు మీవే రెండు జతలు ఉంచుకోండి.

జవాబు 3:
బాబుని పారాగ్లైడింగ్ ఎక్కించకండి. పెద్దవాళ్ల హార్నెస్‌లో (ఒంటికి కట్టే పట్టీల్లో) తొడ పట్టీలు ఎంత బిగించినా చిన్నపిల్లలకి వదులుగానే ఉంటాయి. మీరు ఎగిరేటప్పుడు పైలట్ లైసెన్సు అడగండి. రెండు తొడ పట్టీలు, ఛాతీ పట్టీ, భుజాల దగ్గరి రెండు కారబైనర్ల (లోహపు కొక్కేల) లాక్ మీ చేత్తో తడిమి చూసుకోండి. రిజర్వ్ పారాచూట్ ఉందా అని అడగండి. టేకాఫ్‌లో ఎక్కువమంది చేసే పని, రెండడుగులు వేసి కూర్చుండిపోవడం. దాంతో ఇద్దరూ వాలుమీద ఈడ్చుకుపోతారు. పైలట్ చెప్పేదాకా గాల్లోకూడా కాళ్లాడిస్తూనే ఉండాలి. మధ్యాహ్నం లోయగాలి పెరుగుతుంది, పదకొండులోపు ముగించండి. కింది వాలు నుంచి ఎగిరితే రెండు నిమిషాల్లో దిగిపోతారు. రోప్‌వే పైనుంచి ఎగిరేదే డబ్బుకి తగ్గది.

బియాస్ నదిలో రాఫ్టింగ్ కూడా పొద్దునే. పగలు కరిగిన మంచునీరు వచ్చేసరికి సాయంత్రానికి నది ఉరకలేస్తుంది. లైఫ్‌జాకెట్ భుజాలు పట్టి పైకి లాగి చూడండి, చెవులదాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే. నీళ్లలో పడితే వెల్లకిలా, కాళ్లు ప్రవాహం వైపు పెట్టాలి. నిలబడబోతే రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటుంది. బాబు, అత్తయ్యగారు గట్టునే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. అంటే మంగళవారం సిస్సు, బుధవారం సోలంగ్, గురువారం రోహ్‌తాంగ్. మరి రాఫ్టింగ్‌కి రోజు మిగల్లేదే?

జవాబు 1:
శుక్రవారం పొద్దునే చెయ్యొచ్చు. రాఫ్టింగ్ మొదలయ్యే పిర్డీ కులూ దాటాక, మీరు వెళ్లే దారిలోనే ఉంది. సామాను టాక్సీలో వేసుకుని దిగిపోండి, మనాలీ నుంచి కిందికి వచ్చే దారిలో బియాస్ ఎడమగట్టు రోడ్డు పట్టుకుంటే నగ్గర్ కోట కూడా అయిపోతుంది. బస్సు టికెట్‌లో ఎక్కేచోటు మనాలీ బదులు, కులూ దాటాక వచ్చే భుంతర్ పెట్టించుకోండి. సీట్లు ముందు వరసల్లో తీసుకోండి, మండీ దాకా మలుపులే, వెనక కూర్చుంటే బాబుకి వాంతులు ఖాయం. శనివారం పొద్దుటి విమానం మాత్రం బుక్ చెయ్యకండి, పండోహ్ దగ్గర కొండరాళ్లు పడి రోడ్డు ఆగితే గంటలు పోతాయి.