ముసురులో గోల్డెన్ రిట్రీవర్‌కి స్నానం చేయిస్తే ఆరట్లేదు, హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చా?

తేనె_వాళ్ళమ్మ:
అందరికీ నమస్తే. మాది వైజాగ్, అపార్ట్‌మెంటు. గోల్డెన్ రిట్రీవర్, ఆడది, 3 ఏళ్ళు, పేరు తేనె. ఎండాకాలంలో వారం వారం స్నానం చేయించి పొద్దున్నే డాబా మీద తిప్పితే ఇట్టే ఆరిపోయేది. ఇప్పుడు ముసురు పట్టి మా బట్టలే ఆరట్లేదు, ఇక దీని బొచ్చేం ఆరుతుంది! టవల్‌తో గట్టిగా తుడిచి ఫ్యాను కింద పడుకోబెడుతున్నాం. సాయంత్రానికి పైన చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే ఉంటుంది, కానీ మర్నాటికి ముక్క వాసన మొదలు, షాంపూ మార్చినా అంతే. నిన్న చెవి కింద మెడ దగ్గర రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా, చెమ్మగా కనిపించింది, అక్కడే గోక్కుంటోంది. నా హెయిర్ డ్రయ్యర్ వాడదామంటే చర్మం కాలుతుందని మావారు వద్దంటున్నారు. అత్తయ్యగారేమో పిల్లలకి తలంటాక వేసినట్టు సాంబ్రాణి పొగ వేయమంటున్నారు. కుక్కల బొచ్చు ఆరబెట్టే బ్లోయర్ కొనాలా? మిక్సీ తిప్పితేనే మంచం కింద దూరే రకం ఇది, బ్లోయర్ మోత తట్టుకుంటుందా అని టెన్షన్‌గా ఉంది.

దువ్వెన_కత్తెర:
హైదరాబాద్‌లో గ్రూమింగ్ చేస్తుంటానండి. ముందు ఆ ఎర్ర మచ్చ డాక్టరుకి చూపించండి, ఇవాళే. వినడానికి హాట్ స్పాట్‌లా ఉంది. చర్మం మీద తడి నిలిచిపోయిన చోట దురద పుట్టి, అది గోకి నాకి పుండు చేసుకుంటుంది, ఒక్క పూటలో అరచేతంత అయిపోవడం కూడా చూశాను. పసుపూ కొబ్బరినూనే రాయకండి, జిడ్డు కింద తడి ఇంకా నిలిచిపోతుంది.

వాసన విషయంలో షాంపూ తప్పేమీ లేదు. గోల్డెన్‌కి రెండు పొరల బొచ్చు, పైన పొడుగు వెంట్రుకలు, కింద చర్మానికి అతుక్కుని మెత్తటి బొచ్చు. ఫ్యాను గాలికి ఆరేది పైపొరే. మీరు పైన చెయ్యి పెట్టి చూస్తున్నారు కదా, అలా కాదు, వెంట్రుకలు పాయ తీసి వేలి కొస చర్మానికి తగిలించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక, తోక మొదట్లో తప్పకుండా చూడాలి, మెడకి బెల్టు ఉంటే స్నానం ముందే తీసేసి మెడ పూర్తిగా ఆరేదాకా కట్టకండి, మీ మచ్చ అక్కడే వచ్చింది కాబట్టి చెప్తున్నా.

ఆరబెట్టడంలో సగం పని స్నానానికి ముందే ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడే దువ్వి చిక్కులూ రాలే బొచ్చూ తీసేయాలి, చిక్కు తడిస్తే ఇంకా బిగుసుకుని నీళ్ళు వదలదు. స్నానం అయ్యాక బొచ్చు వాలు దిశలో చేత్తో నీళ్ళు దించేసి, టవల్ వేసి నొక్కండి, రుద్దితే కొత్త చిక్కులు పడతాయి. ఒక టవల్ తడిసిపోతే ఇంకోటి తీసుకోండి, ఇక్కడ పిసినారితనం చేస్తే ఆ తడంతా డ్రయ్యర్ మీద పడుతుంది.

హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు, కాకపోతే చల్లగాలి మీద, లేదా అన్నిటికంటే తక్కువ వేడి మీద. జానెడు కంటే దగ్గరికి తేకుండా, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. గాలి పడే చోట మీ రెండో చెయ్యి పెట్టి ఉంచండి, మీ చేతికి చురుక్కుమందంటే దానికి ఇంకా ఎక్కువే, దాని చర్మం మనకంటే పల్చన. మొహానికీ చెవుల్లోకీ గాలి కొట్టకండి, అక్కడ టవల్ చాలు.

డాబా_రాజా:
ఇంత హడావుడి ఎందుకండీ? మా వాడు వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్క, స్నానం అయ్యాక రెండుసార్లు విదిలించుకుని గోనెసంచి మీద దొర్లుతాడు, అంతే, ఆరిపోతాడు. ఏ వాసనా లేదు.

దువ్వెన_కత్తెర:
రాజా గారూ, మీ వాడిది పొట్టి బొచ్చు, లోపల ఆ మందమే ఉండదు కాబట్టి సరిపోతుంది. గోల్డెన్‌కీ జర్మన్ షెపర్డ్‌కీ పామరేనియన్‌కీ అలా వదిలేస్తే కుదరదు.

తిరుపతి_వెట్_స్టూడెంట్:
పై రిప్లయ్‌కి కొన్ని కలుపుతున్నా. కుక్కలకి ఒళ్ళంతా చెమట పట్టదు, వేడి దించుకోవడానికి ముఖ్యంగా నాలుక చాపి రొప్పడమే దారి. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, 106 దాటితే వడదెబ్బ, ప్రాణాల మీదకే వస్తుంది. అందుకే తలుపులేసిన గదిలో వేడిగాలి పెట్టడం, బోనులో కూర్చోబెట్టి డ్రయ్యర్ ఆన్ చేసి పక్కకి వెళ్ళిపోవడం అసలు చేయకూడదు. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఇంకా ప్రమాదం. బయట గ్రూమింగ్‌కి ఇస్తే అక్కడ ఎలా ఆరబెడతారో అడిగి ఇవ్వండి. మధ్యలో బాగా రొప్పినా చొంగ కార్చినా ఆపేసి నీళ్ళు పెట్టండి.

చెవులు వాలి ఉండే జాతి కాబట్టి లోపల చెమ్మ ఉంటే ఈస్ట్ అనే ఫంగస్ పెరుగుతుంది, ముక్క వాసనలో దాని వాటా కూడా ఉండొచ్చు. కనిపించినంత మేర దూదితో అద్దండి, ఇయర్ బడ్ లోపలికి పెట్టొద్దు. సాంబ్రాణి మాత్రం వద్దని అత్తయ్యగారికి చెప్పండి, వాటి ముక్కుకి ఆ పొగ చాలా ఘాటు, పైగా తోక ఊపిందంటే నిప్పులన్నీ నేల మీదే 😄

ఇంకోటి, పిడుదులకి మెడ వెనక పోసే చుక్కల మందు వాడుతుంటే దానికి ముందూ వెనకా రెండేసి రోజులు స్నానం ఆపండి.

బెంగళూరు_గోల్డీ_ఫ్యాన్:
ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టి చూడండి, గదిలో తేమ తగ్గుతుంది. గది మరీ చల్లబడకుండా చూసుకుని టేబుల్ ఫ్యాను కింద నేల మీద పెట్టి, గాలి తగిలే వైపు బొచ్చు పాయలు తీస్తూ దువ్వుతూ ఉంటే లోపలిదాకా ఆరుతుంది. చెయ్యి నొప్పి పుడుతుంది, అది వేరే సంగతి. శబ్దానికైతే ముందు పక్క గదిలో డ్రయ్యర్ ఆన్ చేసి ఇక్కడ అన్నం పెట్టండి. దాన్ని పట్టించుకోకుండా తినడం మొదలెట్టాక కొంచెం కొంచెం దగ్గరికి తేండి. గాలి మొదట వెనక కాళ్ళ వైపు నుంచి, మొహం వైపు నుంచి కాదు. కట్టేసి బలవంతంగా చేస్తే ఇక బకెట్ చూసినా పారిపోతుంది.

తేనె_వాళ్ళమ్మ:
థాంక్యూ అండీ అందరికీ. డాక్టరుకి చూపించాం, హాట్ స్పాటే, చుట్టూ బొచ్చు కత్తిరించి మందిచ్చారు, తగ్గేదాకా స్నానం వద్దన్నారు. రెండు డౌట్లు. మొత్తం బొచ్చు గీయించేస్తే ఈ గోలే ఉండదు కదా? బ్లోయర్ కొంటే ఇన్వర్టర్ మీద నడుస్తుందా, మాకు కరెంటు తరచూ పోతుంది.

దువ్వెన_కత్తెర:
గీయించకండి. ఎండనీ వేడినీ ఆపేది కూడా ఆ బొచ్చే, పైగా గీస్తే మళ్ళీ సరిగ్గా రాకపోవచ్చు. తొడల వెనకా పాదాల కిందా ట్రిమ్ చేయిస్తే చాలు. వానాకాలంలో వారం వారం స్నానం కూడా అక్కర్లేదు, నెలకోసారి చేయించి, వాకింగ్ నుంచి వచ్చాక కాళ్ళూ పొట్టా తుడిచి ఆరబెట్టండి.

బ్లోయర్ గాలి జోరుతో నీళ్ళని చిమ్మేస్తుంది, వేడితో పని లేదు, గోల్డెన్‌కి పెట్టిన డబ్బు దండగ కాదు. కానీ చాలావాటికి 2,000 వాట్ల పైనే ఉంటుంది, ఇంట్లో మామూలు ఇన్వర్టర్ మోయదు. 16 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టండి, తడి బాత్‌రూంలో మాత్రం వాడకండి. కరెంటు పోయే టైము తెలిస్తే దాన్ని బట్టి స్నానం పెట్టుకోండి, లేదంటే రెండు టవళ్ళు ఎక్కువ సిద్ధం చేసుకోండి.