కష్టకాలంలో పరిచర్యకు లే లీడర్లను (పాస్టర్లు కాని, సంఘంలోని మామూలు విశ్వాసుల్లోంచి వచ్చే నాయకులను) సిద్ధం చేయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పరిచారకుడు:
అందరికీ వందనాలు. సుమారు 60 కుటుంబాల సంఘం. పాస్టర్ గారు అనారోగ్యంతో కొన్ని నెలలు పరిచర్యకు దూరంగా ఉండాల్సి వచ్చింది. ఇదే సమయంలో మరణాలు, ఉద్యోగాలు పోవడం, దిగులుతో మంచం పట్టినవాళ్లు. ఆదివారం ఆరాధన ఎలాగో నడుస్తోంది గానీ మిగతా ఆరు రోజుల భారం మోసేవాళ్లే లేరు. ఉద్యోగాలు చేసుకుంటూనే సేవ చేస్తామని 12 మంది ముందుకొచ్చారు. వాళ్లకు ముందు వాక్యం చెప్పడం నేర్పాలా, ఇంకేదైనానా? మూడు నెలల్లో ఏం సాధ్యం?

మందసేవ:
బ్రదర్, ప్రసంగాల సంగతి రెండో నెలలో చూద్దురు గాని, ముందు పరామర్శ నేర్పండి. ప్రసంగం కుదరకపోతే ఒక ఆదివారం చప్పగా గడుస్తుంది, అంతే. చావు ఇంట్లో అన్న ఒక్క తప్పు మాటకు ఆ కుటుంబం సంఘానికే దూరమైపోవచ్చు.

12 మందిని 6 జంటలు చేసి, జంటకు 10 ఇళ్లు అప్పగించండి. అంతకు మించితే ఉద్యోగస్థుల వల్ల కాదు. మామ యిత్రో మోషేకు చెప్పిన ఏర్పాటులోనూ చివరి గుంపు పదిమందిదే (నిర్గమ 18:21). ఎవరూ చెప్పకుండానే రోగుల దగ్గరికి వెళ్లే అలవాటున్నవాళ్లు ప్రతి జంటలో ఒకరుండాలి. మైకు ముందు బాగా మాట్లాడేవాళ్లనే ఏరుకుని చాలా సంఘాలు దెబ్బతింటాయి. 2 తిమోతికి 2:2లో నమ్మకత్వం ముందు, బోధించే సామర్థ్యం తర్వాత.

మీరు పరామర్శిస్తుంటే వాళ్లు చూడాలి. తర్వాత కలిసి చేయాలి. ఆ తర్వాత వాళ్లు చేస్తుంటే మీరు పక్కన కూర్చుని చూడాలి. ఆఖరున వాళ్లే వెళ్లొచ్చి మీకు చెప్పాలి. తొందరలో అందరూ ఎగ్గొట్టేది ఆ మూడోదే, తప్పులు కనబడేదీ అక్కడే. వారానికి గంటన్నర కూర్చుంటే, సగం సమయం ఆ వారం ఏ ఇంట్లో ఏం జరిగిందో వినడానికే పెట్టండి.

ఆదరణ:
పై మాటలతో ఏకీభవిస్తున్నాను. పరామర్శ లోపలి సంగతి కొంచెం చెబుతాను.

హాస్పిటల్లో 10 నిమిషాలు, చావు ఇంట్లో అరగంట చాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, మంచం పక్కన కూర్చోవాలి. నిలబడితే వెళ్లిపోయే తొందరలో ఉన్నారనిపిస్తుంది. ప్రార్థన చేయమంటారా అని అడిగాకే చేయాలి, రెండు నిమిషాల్లో ముగించాలి. "దేవుని చిత్తం", "ఏడవకూడదు, విశ్వాసం ఉంచండి" లాంటి మాటలు వద్దని మొదటి రోజే చెప్పండి.

13వ కీర్తన చేతికిచ్చి ప్రార్థన నేర్పండి. 1, 2 వచనాలు "ఎన్నాళ్లు?" అన్న మొర, 3, 4 విన్నపం, 5, 6 నమ్మిక. మనవాళ్లు నేరుగా 5వ వచనానికి దూకేస్తారు. ఆ ఇంటివాళ్లు ఇంకా మొదటి వచనంలోనే ఉంటారు, అందుకే ఆ ప్రార్థన వాళ్లకు అందదు.

ఎవరైనా బ్రతకాలని లేదంటే, "చనిపోవాలని ఆలోచిస్తున్నారా?" అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకూడదు. మాత్రలు, పురుగుమందు అందకుండా చేయించి, అదే రోజు డాక్టర్ దగ్గరికి చేర్చాలి. ప్రాణాపాయం, పిల్లల మీద వేధింపులు, ఈ రెండు విషయాల్లో రహస్యంగా ఉంచుతామని మాటివ్వకూడదు. మందులు మానేయమని ఎవరూ ఎప్పుడూ చెప్పకూడదు.

మిగతావన్నీ రహస్యమే. ప్రార్థన విన్నపం పేరుతో ఇంటి గుట్టు వాట్సాప్ గ్రూపులో పడితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. పేరు, వివరం పెట్టేముందు ఆ కుటుంబాన్ని అడగాలి.

వాక్యధ్యానం:
వాక్యాన్ని రెండో నెలదాకా ఆపడం నాకు సమ్మతం కాదు. కష్టంలో ఉన్న సంఘానికి ఆదివారం ఆకలి ఎక్కువ. మొదటి వారం నుంచే ఇద్దరికి నేర్పండి: ఒకే వాక్యభాగం, 15 నిమిషాలు, ముందురోజు ఎవరి ముందైనా బయటికి చదివి చూసుకోవడం. ఈ కష్టం ఫలానా పాపానికి శిక్ష అని చెప్పే అధికారం ఎవరికీ లేదని గట్టిగా చెప్పండి. ప్రభువు బల్ల, బాప్తిస్మం ఎవరు ఇవ్వవచ్చో మీ సంఘ నియమావళి చూసుకోండి.

ఇళ్లకు వెళ్లడానికి వారం వారం ఒక చిన్న పని ఉండాలి. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టులు (జాన్ వెస్లీ నడిపిన క్రైస్తవ సమాజంవాళ్లు) మందిరం అప్పు తీర్చడానికి సుమారు పన్నెండేసి మందికి ఒక నాయకుణ్ణి పెట్టారు. వారానికో పెన్నీ వసూలుకు ఇంటింటికీ తిరిగినవాళ్లకు ఆ ఇళ్ల అసలు పరిస్థితి తెలిసొచ్చింది. మీరు బియ్యమో, పాఠం కాగితమో పంపండి. సాయం డబ్బు మాత్రం జంటల చేతికివ్వకండి; లెక్కపెట్టేవాళ్లు ఇద్దరు, సంతకాలు రెండు ఉండాలి. పౌలు కూడా చందా ఒక్కడే మోసుకెళ్లలేదు (2 కొరింథీ 8:18-21).

పరిచారకుడు:
చాలా వందనాలు. జంటలో ఒకరి ఇంట్లోనే మరణం జరిగితే?

మందసేవ:
ఆ రోజు నుంచే ఆయన పేరు పరామర్శించేవాళ్ల జాబితాలోంచి తీసి, పరామర్శ అందుకోవాల్సినవాళ్ల జాబితాలో పెట్టండి. కనీసం రెండు నెలలు ఏ పనీ ఇవ్వకండి, తనే అడిగినా సరే. ఆ 10 ఇళ్లు పక్క రెండు జంటలకు పంచండి. అందుకే మొదట్లోనే ప్రతి జంటకూ పక్క జంట ఇళ్లు కూడా ఒకసారి చూపించి ఉంచాలి.