గైరాన్‌లో (ఊరుమ్మడి మేత భూమిలో) జీపులు తొక్కి బోద గడ్డికి మంట పెట్టారు. ఎవరికి చెప్పాలి?

గైరాన్‌_కాపరి:
మాది వికారాబాద్ జిల్లా, అనంతగిరి గుట్టల వెనక ఒక చిన్న ఊరు. మా గైరాన్‌ను ఆనుకునే రిజర్వు ఫారెస్టు. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి జీపులు, పెద్ద బైకులు వస్తుంటాయి. వానాకాలంలో బురదలో తిప్పుకొని పోయేవాళ్లు. బాట గుంతలు పడేది, పశువులు బెదిరేవి. అదైతే ఓర్చుకున్నాం.

మొన్న మార్చిలో ఒక ఆదివారం గుట్ట ఎక్కలేక ఒక జీపు మోకాలెత్తు ఎండు బోదలో దిగబడింది. పావుగంట ఎక్సలేటర్ తొక్కుతూనే ఉన్నారు. తర్వాత ఇంజన్ ఆపకుండా అక్కడే ఫొటోలు దిగారు. నేను మేకలను తోలుకొస్తున్నా. ముందు మాడు వాసన వచ్చింది, పొగ కనిపించలేదు. వంగి చూస్తే సైలెన్సర్ పైపుకు బోద గుత్తులుగా చుట్టుకొని ఉంది, కొసలు ఎర్రగా రాజుకుంటున్నాయి. బండి తీయమని అరిచాను. తీశారు. బండి కదలగానే ఆ గుత్తి కింద పడింది, దానికి గాలి తగిలింది. ఇక అంతే.

మోదుగ కొమ్మలు విరిచి కొట్టాం. తండా నుంచి ఇరవై మంది తడిపిన గోనె సంచులతో ఉరికొచ్చారు. రెండింటికి అంటుకున్నది అయిదున్నరకు చల్లారింది. పదెకరాల మేత పోయింది. మా పెద్దమ్మ కంది కట్టె కుప్ప, జొన్న చొప్ప వామి బూడిదైపోయాయి. వానలు పడేదాకా ఆమె రెండెద్దులకు అదే ఆధారం. జీపువాళ్లలో ఇద్దరు కుర్రాళ్లు మాతోపాటు చివరిదాకా కొట్టారు, ఆ మాట చెప్పాలి. మిగతావాళ్లు వెళ్లిపోయారు.

పోలీసుల దగ్గరికి పోతే గడ్డి కాలితే కేసేంటి అన్నారు. ఊళ్లోనూ సగం మంది ఎవరో బీడీ పడేసి ఉంటారంటున్నారు. బండి వేడికే గడ్డి అంటుకుంటుందా? దీని మీద చట్టం ఏమైనా ఉందా?

షెడ్డు_మేస్త్రి:
అంటుకుంటుంది అన్నా. బీడీ అక్కర్లేదు. పెట్రోలు బండి కింద పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజన్ గట్టిగా పని చేసేటప్పుడు దాని లోపల వేడి నాలుగైదు వందల డిగ్రీలు దాటుతుంది. ఎండు గడ్డికి మూడొందల చిల్లర చాలు. కొత్త డీజిల్ బండ్లలో మసిని కాల్చే ఫిల్టర్ ఉంటుంది. అది మసి కాల్చుకునే టైములో ఇంకా ఎక్కువ కాగుతుంది. రోడ్డు మీద పోతుంటే గాలికి చల్లబడుతుంది. దిగబడి ఒకేచోట తొక్కుతుంటే ఆ గాలి ఎక్కడిది? కింద వేడి తగలకుండా రేకు ఉంటుంది, సౌండ్ కోసం సైలెన్సర్ మార్పించుకునేవాళ్లు దాన్నీ పీకేయమంటారు. నా షెడ్డులో ఆ పని మానేశాను.

పాత_బీట్_ఆఫీసర్:
తమ్మీ, మంట ఫారెస్టు హద్దు దాటి ఉంటే రేంజ్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వు. 1967 అటవీ చట్టం సెక్షన్ 20 కింద కేసు వాళ్లే పెడతారు. గైరాన్ రెవెన్యూ భూమి, అక్కడి కేసు పోలీసులదే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 చూపించు. నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అయితే మనుషులకు ప్రమాదం కలిగేలా అన్న మాట ఆ సెక్షన్‌లో ఉంది. కాబట్టి తండా ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయో, ఆర్పేటప్పుడు ఎవరి చేతులు కాలాయో తప్పకుండా రాయి. పెద్దమ్మ చొప్పకు తహసీల్దార్ ఆఫీసులో పంచనామా అడగండి. బూడిదను గాలి ఎత్తుకుపోకముందే టైరు జాడలు ఫొటో తీసి పెట్టుకో.

పరిగి_అబ్బాయి:
మా నాన్న పొలం పరిగి దగ్గరే. నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఇక్కడ అడవి భూముల్లో తిరిగే బైకులకు సైలెన్సర్‌లోంచి రవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ తప్పనిసరి. 2018 జూలైలో రెడ్డింగ్ దగ్గర ఒక ట్రైలర్ టైరు పంచరై, రిమ్ము రోడ్డుకు రాసుకొని రవ్వలు లేచాయి. ఆ మంటకు 2,29,000 ఎకరాలకు పైగా కాలిపోయింది, మనుషులూ పోయారు. బండి వల్ల మంటేంటి అనేవాళ్లకు ఇది చెప్పండి.

గైరాన్‌_కాపరి:
అందరికీ దండాలు. మా తమ్ముడి అరచేతులు బొబ్బలెక్కాయి, అది రాశాను. అర్జీ రెండు చోట్లా ఇచ్చాను. రసీదు ఒకచోటే ఇచ్చారు, రెండోదాని కోసం రేపు మళ్లీ పోతాను. మంట ఆర్పిన కుర్రాళ్లలో ఒకరి నంబరు ఉంది. ఫోన్ చేస్తే బండి ఎవరిదో చెప్తానన్నాడు.

ఈ ఆదివారం మళ్లీ నాలుగు జీపులొచ్చాయి. బాట మొదట్లోనే ఆపి, ఒకాయన్ని వంగి కిందికి చూడమన్నాను. పైపు వెనక నుంచి గుప్పెడు బోద ఆయనే లాగాడు. ఏం మాట్లాడకుండా బండి వెనక్కి తిప్పుకున్నాడు. మిగతా మూడింటినీ ఆపలేకపోయాను. చీకటి పడేదాకా బిందెలు నింపుకొని గట్టు మీదే కూర్చున్నాం.