టెక్కలి క్వారీలో పనిచేసిన మావయ్యకు సిలికోసిస్ (రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) పరీక్ష ఎక్కడ చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. మా మావయ్య పదహారేళ్లు గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ చేశాడు. నీళ్లు పెట్టకుండా పొడిగానే. ముక్కుకు కట్టుకున్న తడి తువ్వాలు తప్ప వేరే అడ్డు లేదు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి.

ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే కూలబడిపోతున్నాడు. టీబీ అని ఆరు నెలలు మందులు వాడాం, ఆయాసం ఇసుమంతైనా తగ్గలేదు. కఫంలో క్రిమి అసలు కనబడనేలేదు. ఓపీ చీటీలన్నీ దాచాను. అన్నింట్లో పేరు, వయసు, ఊరు ఉన్నాయి. ఏం పని చేస్తాడో ఒక్కదాంట్లోనూ లేదు. అదే నన్ను తొలిచేస్తోంది.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో సిలికోసిస్ వృత్తి వ్యాధుల (పని వల్ల వచ్చే జబ్బుల) జాబితాలో ఉండేది; 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ జాబితాలోనూ ఉంది. కానీ మావయ్య మేస్త్రీ కింద రోజుకూలీ. జీతం స్లిప్పు, గుర్తింపు కార్డు ఏవీ లేవు. తోటి కూలీల సాక్ష్యం చెల్లుతుందా? ఎక్స్‌రే చూసి సిలికోసిస్ అని రాసిచ్చే డాక్టర్లు విశాఖలోనైనా ఉన్నారా?

ఇంకో మాట. కార్మికులందరికీ వృత్తి ఆరోగ్య సేవలు అందించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లోనే 161వ ఒప్పందం చేసింది. రాజస్థాన్ 2019లో ఈ దుమ్ము జబ్బులకు ప్రత్యేక విధానమే తెచ్చింది. మన పీహెచ్‌సీల్లో కనీసం "ఏం పని చేస్తావు?" అని అడిగి రాసేలా చేయాలంటే ఎవరికి అర్జీ పెట్టాలి? ఈ దారిలో నడిచినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. మావయ్యతో పనిచేసిన మరో నలుగురూ ఇలాగే దగ్గుతున్నారు.