వరంగల్, హన్మకొండలో ఈ మార్చి, ఏప్రిల్‌లో జనం లేని చోట చెట్లూ పూలూ ఫోటో తీయాలంటే ఎక్కడికి పోవాలి?

సుబేదారి_బాబు:

నమస్తే అందరికీ. పెళ్లిళ్ల ఫోటోలు, రీల్స్ మీద నాకు ఇంట్రెస్ట్ లేదు, చెట్లు, నీళ్లు, రాళ్లు, ఖాళీ దారులు, ఇవే తీయాలని ఉంది. చేతిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కేనన్, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్ (దూరాన్ని కొంచెమే దగ్గరికి తెచ్చేది), జేబులో మామూలు ఆండ్రాయిడ్ ఫోను, అంతే. పెద్ద జూమ్ లెన్స్ కొనే ఆలోచన ఇప్పట్లో లేదు. ఆఫీసు తొమ్మిదిన్నరకు కాబట్టి మామూలు రోజుల్లో తెల్లారాక ఓ గంటన్నర దొరుకుతుంది, ఆదివారం ఇంకొంచెం ఎక్కువ.

సమస్య ఏంటంటే భద్రకాళి బండ్ మీదికి ఎప్పుడు పోయినా వాకింగ్ వాళ్లు, సెల్ఫీల వాళ్లు, వేయి స్తంభాల గుడికి పోతే దర్శనానికి వచ్చేవాళ్లు. ఫ్రేములో ఎవరూ లేకుండా ఒక్క ఫోటో పడదు. ఇంకోటి, మోదుగు పూలు తీస్తే పువ్వులా రావట్లేదు, ఎర్రటి ముద్ద పడుతుంది, రేకుల మీద గీతలు, మడతలు ఏవీ కనిపించవు. ఫోకస్ సరిగ్గానే ఉంది, పెద్దది చేసి చూసుకున్నా. ఇక్కడే తిరిగి తీసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. దయచేసి ఊటీ, అరకు అనకండి, బండి మీద పోయి రాగలిగేవి చాలు.

కోటగోడ:

తమ్ముడూ, నువ్వు చోటు అడుగుతున్నావు గానీ నీకు కావాల్సింది టైము. వరంగల్ కోట అనగానే అందరూ తోరణాలున్న ఆవరణకే పోతారు, టికెట్ తీసుకుంటారు, తోరణాల దగ్గర ఫోటోలు దిగి, ఖుష్ మహల్ చూసి వచ్చేస్తారు. కోట అంటే అదొక్కటే కాదు కదా. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో ఎత్తు పెంచిన రాతిగోడ ఉంది, దాని చుట్టూ కందకం ఉంది, ఇంకా బయటికి పోతే మట్టిగోడ ఉంది, ఈ రెండు గోడల మధ్య ఇప్పటికీ ఇళ్లూ పొలాలూ ఉన్నాయి. అక్కడ టికెట్ లేదు, అడిగేవాళ్లు లేరు. మార్చిలో పొద్దున్నే కందకం పక్కన నడిచి చూడు, కొంగలు, తుమ్మచెట్లు, గేదెలు తోలుకుపోయే ఒకరిద్దరు, అంతకు మించి ఎవరూ కనిపించరు. పొద్దుటెండ గోడ మీద పక్కనుంచి పడుతుంది కాబట్టి రాయికీ రాయికీ మధ్య సందుల్లో నీడ నిలిచి ప్రతి రాయీ విడిగా తెలుస్తుంది. తొమ్మిదింటికి పోతే అదే గోడ చప్పగా ఉంటుంది, ఎంత కెమెరా ఉన్నా లాభం లేదు.

మార్చి మొదట్లో మనకు పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో, మార్చి 20కి ఆరుంపావు అవుతుంది, ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి ఆరుకు ముందే. అంటే నీ గంటన్నర ఆఫీసుకు సరిపోతుంది గానీ ఏప్రిల్‌లో అలారం ముందుకు జరపాలి, లేదంటే మంచి వెలుగు నువ్వు నిద్రలో ఉండగానే పోతుంది.

ఇంకో మాట. మార్చి 20, 21 దగ్గర సూర్యుడు సరిగ్గా తూర్పున పొడుస్తాడు. తోరణాలు నాలుగూ నాలుగు దిక్కులకు కట్టినవి. ఆ వారం పది రోజులు పొద్దుటి వెలుగు తూర్పు తోరణం వైపు నుంచి దాదాపు తిన్నగా పడమటి దాని మీదికి వస్తుంది, సాయంత్రం దిక్కు తిరగబడుతుంది. ఆవరణ ఎన్నింటికి తెరుస్తారో ముందురోజే గేటు దగ్గర అడిగి పెట్టుకో. ట్రైపాడ్ మాత్రం పట్టుకుపోవద్దు. చేతిలో పట్టుకుని తీసుకుంటే ఏమీ అనరు, కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి కావాలి. డ్రోన్ ఊసే ఎత్తకు.

ఎరుపు_నలుపు:

మోదుగు సంగతి నేను చెప్తా, ఇది ప్రతి ఏడాది హోలీ ముందు ఎవరో ఒకరు అడిగేదే. అది ఫోకస్ సమస్య కాదు. సెన్సార్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ వేర్వేరుగా కొలుస్తుంది. మోదుగు పువ్వు నుంచి వచ్చే వెలుగులో ఎక్కువ భాగం ఎరుపే. కెమెరా మొత్తం ఫ్రేము చూసి, వెనక ఆకాశం, కొమ్మలు అన్నీ కలిపి ఎక్స్‌పోజర్ లెక్క (ఎంత వెలుగు తీసుకోవాలో) వేస్తుంది, ఆ లెక్కలో మిగతా రెండు రంగులు బాగానే ఉంటాయి, ఎరుపు ఒక్కటి పైకప్పుకు తగిలి ఆగిపోతుంది. ఇక ఎండ పడ్డ రేకుకూ, మడతలో ఉన్న రేకుకూ ఒకటే అంకె. తేడా లేనప్పుడు మడత ఎట్లా కనిపిస్తుంది? మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూస్తే అంతా ఓకే అంటుంది, నమ్మొద్దు. మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకో, ఎరుపు గ్రాఫు కుడిగోడకు అతుక్కుని ఉందంటే పువ్వు పోయినట్టే.

ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా వేసిన లెక్కను పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 2/3 దగ్గర మొదలుపెట్టి మైనస్ 1 దాకా తగ్గించి చూడు, మిట్ట ఎండలో అయితే ఇంకా తగ్గించాల్సి రావచ్చు. ఫోటో నల్లగా కనిపిస్తుంది, భయపడకు, నల్లబడ్డ చోట్లను తర్వాత ఎడిటింగ్‌లో వెలుగు చేయొచ్చు గానీ పొంగిపోయిన ఎరుపు వెనక్కి రాదు. రా ఫార్మాట్‌లో (సెన్సార్ కొలిచింది కొలిచినట్టు దాచే ఫైలు) తీయి. జేపెగ్‌లోనే తీస్తానంటే కనీసం పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌కు మార్చి సాచురేషన్ తగ్గించు, ల్యాండ్‌స్కేప్ మోడ్‌లో రంగు ఇంకా దట్టం చేస్తుంది. ఫోనులో అయితే పువ్వు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి జరుపు. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, వంకర రేకుల చివర్లు కోసేసి వెనక బ్లర్‌లో కలిపేస్తుంది.

వెనక ఏముందో కూడా చూసుకో. మార్చి ఆకాశం తెల్లగా ఉంటుంది, ఆకుల్లేని మోదుగును దాని మీద పెడితే ఎర్ర చుక్కలు తప్ప ఏమీ ఉండదు. నీడలో ఉన్న గుట్టో, బండరాయో వెనక వచ్చేలా నువ్వు జరుగు. పూల అడుగున నల్లగా, నూగుతో ఒక తొడుగు ఉంటుంది, ఎక్స్‌పోజర్ సరిగ్గా పడితే ఆ నలుపూ ఎరుపూ పక్కపక్కన మస్తు ఉంటాయి. నేను ఈ పేరు పెట్టుకున్నది అందుకే. ఇక చెట్లంటావా, నర్సంపేట నుంచి పాకాల పోయే దారిలో, ములుగు రోడ్డులో ఊళ్లు దాటాక చూడు.

కేయూ_దారి:

ఒక మాట అడగొచ్చా? "ఎవరూ ఉండరు, వెళ్లు" అని ఈజీగా చెప్పేస్తున్నారు, ఈ థ్రెడ్ ఆడవాళ్లం కూడా చదువుతాం. చీకటి ఉండగానే కందకం పక్కకు కెమెరాతో ఒంటరిగా పోవడం నావల్ల కాదు, ఏ అమ్మాయికీ పొమ్మని చెప్పను. వాకింగ్ వాళ్లు ఉన్న చోటే నాకు ఇష్టం. జనం ఫ్రేములోకి రాకూడదంటే జనం లేని ఊరు వెతుక్కోనక్కర్లేదు, కెమెరా పైకి ఎత్తినా, కిందికి దించినా చాలు.

మార్చి చివర్లో రావిచెట్టు చూశారా? పాత ఆకు రాలిపోయి రాగిరంగు చిగుళ్లు వస్తాయి, లేత ఆకు కాబట్టి వెలుగు అందులోంచి ఇవతలికి వస్తుంది. సూర్యుడు ఆకు వెనక ఉండేలా నిలబడి, 18-55ను 55 దగ్గర పెట్టి, వెనక నీడలో ఉన్న గోడ వచ్చేలా చూసుకుంటే ఆకు ఈనెలన్నీ లెక్కపెట్టొచ్చు. రావిచెట్టు గుళ్ల దగ్గరే ఉంటుంది, కింద పది మంది ఉన్నా మీ ఫోటోలో ఒక్కరూ పడరు. చిన్న గాలికే ఆ ఆకులు ఆడతాయి కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదిగా ఉండనివ్వకండి.

అన్నీ ఒకేసారి పూయవని కూడా గుర్తుంచుకోండి. బూరుగ, మోదుగు ముందు, మార్చి నెలాఖరుకు మోదుగు దాదాపు అయిపోతుంది. అప్పటికి కానుగ ఆకంతా దులిపేసుకుని కొత్త పచ్చ తొడుక్కుంటుంది, ఆ పచ్చ కొద్దిరోజులే, తర్వాత ముదిరిపోతుంది. ఉగాదికి వేపపువ్వు ఎట్లాగూ వెతుక్కుంటాం. రేల పసుపు గుత్తులు, తురాయి ఏప్రిల్ సగం దాటాక మొదలై మేలో దంచుతాయి. నేనైతే యూనివర్సిటీ క్యాంపస్ రోడ్లలో, వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఇవే చెట్లను మళ్లీ మళ్లీ తీస్తుంటా. ఎన్ఐటీలో కూడా చెట్లు బాగుంటాయి గానీ బయటివాళ్లను ఊరికే లోపలికి రానివ్వరు, తెలిసినవాళ్లు ఉంటేనే.

కోటగోడ:

నిజమే అక్కా, ఆ కోణం నేను ఆలోచించలేదు. ఆదివారం ఇద్దరు ముగ్గురు కలిసి పోతే ఇబ్బంది ఉండదు.

కంసాలిపిట్ట:

మీరు ఒప్పుకోరని తెలుసు, అయినా అంటున్నా, మనుషులు లేని ఫోటో కోసం ఇంత తపన ఎందుకు? కోటలో కందకం పక్క గేదెలు తోలుకుపోయే మనిషి పోయేదాకా ఆగి, ఖాళీ గట్టు తీసి, ప్రకృతి అని పెడతారు. ఆ గట్టు మీద దారి పడిందే ఆ మనిషి వల్ల. నేను వరంగల్‌వాడిని కాదు, జగిత్యాల వైపు, మా దగ్గరా ఇదే వరస, చెరువు ఫోటోలో చేపలు పట్టేవాళ్లు ఉండొద్దంటారు.

సరే అది పక్కనపెడితే, పక్షుల గురించి ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నా. ఈ నెలల్లో పిట్టలు గూళ్లు కడతాయి. 18-55తో గూడు ఫోటో తీయాలంటే గూటి మీదికి పోవాల్సిందే, పోవద్దు. మనిషి దగ్గర నిలబడితే తల్లి రాదు, ఎండకు పిల్లలు మాడతాయి, పైగా గూడు ఎక్కడుందో కాకికి మనమే చూపించినట్టు. ఫోనులో కోయిల కూత పెట్టి పిలిచేవాళ్లను కూడా చూశాను, అది ఇంకో కోయిల తన జాగాలోకి వచ్చిందనుకుని తిండి మానేసి కొట్లాటకు వస్తుంది. చిన్న లెన్స్‌తో తీయాలంటే పూసిన బూరుగకో మోదుగుకో దూరంగా నిలబడు. గోరువంకలు, తేనెపిట్టలు, చిలకలు అన్నీ తేనె కోసం వాటంతట అవే వస్తాయి. చెట్టు మొత్తం పెట్టి, పిట్టలు చిన్నగా పడేట్టు తీస్తే చాలు. తేనెపిట్ట మగది ఈ కాలంలో నల్లగా ఉండి, ఎండ తగిలితే ఊదా రంగు మెరుస్తుంది, అంత దూరం నుంచి కూడా తెలుస్తుంది.

సుబేదారి_బాబు:

ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, థాంక్స్. మైనస్ 1 పెట్టి చూశా, రేకుల మీద సన్నటి గీతలు కూడా వచ్చాయి. కంసాలిపిట్ట అన్నా, మీతో సగం ఒప్పుకుంటా, గేదెల మనిషిని ఉంచుతా, సెల్ఫీ స్టిక్ మనిషిని మాత్రం ఉంచలేను.

ఇంకో డౌటు. పద్మాక్షి గుట్ట ఎక్కి ఊరు తీద్దామని చూస్తే దూరం అంతా బూడిదరంగు, పొగమంచు అనుకుందామంటే మార్చిలో పొగమంచేంటి. దీనికి ఫిల్టర్ ఏదన్నా కొనాలా?

ఎరుపు_నలుపు:

కొనకు. అది దుమ్మూ పొగా. వాన లేక నేల ఎండిపోయి ఉంటుంది, చేలల్లో మోళ్లు తగలబెడతారు, ఆకురాలిన అడవిలో నిప్పు పడుతుంది, అదంతా గాల్లోనే ఉంటుంది. పోలరైజర్ అనే ఫిల్టర్ ఆకుల మీద తెల్లటి మెరుపు తీసేయడానికి పనికొస్తుంది గానీ ఇంత మసకను కోయలేదు. దూరం తీయాలంటే గాలివాన పడ్డ మర్నాడు పొద్దున ఎక్కు, మామిడికాయలు రాలే ఆ జల్లుల తర్వాత ఒక పూట గాలి కడిగినట్టు ఉంటుంది, వార్త చూడగానే అలారం పెట్టుకో. మిగతా రోజుల్లో ఆ మసకనే వాడుకో. సూర్యుడికి ఎదురుగా తీస్తే ఒక గుట్ట ముదురుగా, దాని వెనకది లేతగా, ఆ వెనకది ఇంకా లేతగా పొరలు పొరలుగా పడతాయి. శుభ్రమైన గాలిలో ఆ ఫోటో రానే రాదు. అసలు గుట్ట ఎక్కి ఊరు తీయడం మార్చిలో కంటే వానాకాలం అయ్యాక మేలు, ఇప్పుడు దగ్గరి రాళ్ల మీద పని పెట్టుకో, పద్మాక్షి గుట్ట రాతి మీద జైన శిల్పాలు ఉన్నాయి, పక్క వెలుగులో తీయి.

మే దాకా లాగుతాననుకుంటే ఒకటి తెలుసుకో, మే రెండో వారంలో మన ఊరికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడ పడదు. ఏడున్నర దాటితే కెమెరా బ్యాగులో పెట్టేయడమే.

సుబేదారి_బాబు:

అర్థమైంది. ఈ ఆదివారం ధర్మసాగర్ దాటి దేవునూరు వైపు ఇనుపరాతి గుట్టలకు పోదామనుకుంటున్నా, మోదుగు ఇంకా ఉందని ఫ్రెండ్ అన్నాడు. ఒక్కడినే పోవచ్చా?

కోటగోడ:

ఒక్కడివే వద్దు. అక్కడ కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ కష్టం, కాలు బెణికినా చెప్పుకోవడానికి ఎవరూ దొరకరు. అది అడవి, లోపలికి పోయే ముందు ఊళ్లో అడుగు, అటవీ శాఖ వాళ్లు కనిపిస్తే వాళ్లకూ ఒక మాట చెప్పు. ఈ నెలలో కింద ఆకంతా ఎండి ఉంటుంది, కూడా వచ్చేవాళ్లలో సిగరెట్ అలవాటు ఉన్నవాడు ఉంటే వాడి అగ్గిపెట్టె ముందే తీసుకుని నీ దగ్గర పెట్టుకో. బండ్లు ఊళ్లోనే ఆపి నడవండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఎనిమిదిన్నరకల్లా తిరుగు మొహం పట్టండి. నేనూ ఖాళీనే, మెసేజ్ పెట్టు.