పీఐడీలు కలగాపులగం చేస్తే నిజంగా లాభమేనా?

మునగచెట్టు:
ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాలర్‌లో హార్డెనింగ్ (భద్రత బిగించే) మెనూలో రాండమ్ పీఐడీ (పీఐడీ అంటే ప్రతి ప్రాసెస్‌కీ సిస్టమ్ ఇచ్చే నంబరు) టిక్కు పెడితే ప్రాసెస్ నంబర్లు వరస తప్పి వస్తున్నాయి. లినక్స్‌లో ఒకదాని వెనక ఒకటే. ఆడిట్ వాళ్లు లినక్స్ సర్వర్లలోనూ అదే కావాలంటున్నారు. సెట్టింగ్ ఏమైనా ఉందా? ప్యాచ్ వెయ్యాలా? వేస్తే ఏం చెడుతుంది?

ఫోర్క్‌బాబు:
మెయిన్‌లైన్ లినక్స్‌లో అలాంటి సెట్టింగ్ లేదండి. పోయినసారి ఇచ్చిన నంబరు పైనుంచి ఖాళీ వెతుక్కుంటూ పోతుంది, పిడ్_మ్యాక్స్ (పీఐడీల పైహద్దు) తగిలితే 300 నుంచి మళ్లీ మొదలు. ఈ పిడ్_మ్యాక్స్ పాత డిఫాల్టు 32,768. 64 బిట్‌లో 41,94,304 దాకా పెంచొచ్చు, సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) వెర్షన్ 243 నుంచి అదే పెడుతోంది.

ఫ్రీబీఎస్‌డీది కూడా పూర్తి రాండమ్ కాదు. కెర్న్.రాండమ్‌పిడ్ అనే సెట్టింగ్‌కి 1 ఇస్తే 100 నుంచి 1,123 లోపు ఒక అంకె ఎంచుకుని, ప్రతి ఫోర్క్‌కీ (కొత్త ప్రాసెస్ పుట్టినప్పుడల్లా) పాత పీఐడీ మీద ఆ అంకెకి లోబడిన గెంతు వేస్తుంది. ఆ అంకె 600 పడిందనుకోండి, సగటు గెంతు 300. పైహద్దు 99,999 కాబట్టి 330 ఫోర్క్‌లకే ఒక చుట్టు అయిపోతుంది. వరసగా ఇస్తే ఆ చుట్టుకి లక్ష ఫోర్క్‌లు పట్టేవి.

చిట్టెలుక:
అసలు చిక్కు అక్కడే. నంబరు ఊహకి అందకుండా చేస్తే, చచ్చిన ప్రాసెస్ నంబరు ఇంకొకరికి తొందరగా దొరుకుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ ఫోర్క్ ఫోర్క్‌కీ 1 నుంచి 99,999 లోపు నిజంగానే రాండమ్‌గా తీస్తుంది. ఒక నంబరు ఖాళీ అయ్యాక వెయ్యి ఫోర్క్‌ల్లో అదే మళ్లీ పడే అవకాశం సుమారు 1 శాతం. అందుకే ఈమధ్యే ఖాళీ అయిన నంబర్లు ఒక చిన్న పట్టీలో పెట్టుకుని వాటిని దాటేస్తుంది. కానీ పిడ్ ఫైల్లో (ప్రోగ్రామ్ తన పీఐడీ రాసిపెట్టుకునే ఫైలు) నిన్నటి నంబరు చూసి కిల్ (ప్రాసెస్‌ని ఆపే కమాండు) కొట్టే స్క్రిప్టుని ఆ పట్టీ కాపాడదు.

రాండమ్ పీఐడీ అంటే రాండమ్ విత్తనం (కీలు తయారుచెయ్యడానికి వాడే ఊహకందని తొలి అంకె) అని మాత్రం అనుకోకండి. డెబియన్ లినక్స్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ కీలు చేసే లైబ్రరీ) గొడవలో (2006లో దూరి 2008లో బయటపడింది) కీలకి మిగిలిన రాండమ్‌నెస్ పీఐడీ ఒక్కటే, అంటే మహా అయితే 32,768 రకాలు. వాటిని ఎంత కలిపినా అన్నీ వరసగా ప్రయత్నించేవాడికి తేడా ఏముంటుంది?

మునగచెట్టు:
మరి ఆడిట్‌కి ఏం చూపించాలి?

ఫోర్క్‌బాబు:
పీఐడీ ఊహిస్తే ఎక్కడ నష్టమో అక్కడ పని చెయ్యండి. /టెంప్‌లో $$ (స్క్రిప్టు సొంత పీఐడీ) తగిలించి ఫైళ్లు చేసే స్క్రిప్టులన్నీ ఎంకేటెంప్‌కి (ఊహకందని పేరుతో ఫైలు చేసే కమాండు) మార్చండి, ప్రొటెక్టెడ్_సిమ్‌లింక్స్ (అక్కడ వేరేవాళ్లు పెట్టిన దొంగ లింకుల్ని అడ్డుకునే సెట్టింగ్) 1 అయి ఉందో లేదో చూడండి. ఇతరుల ప్రాసెస్‌లు కనపడకూడదంటే /ప్రాక్‌ని (ప్రాసెస్‌ల వివరాలు కనపడే ఫోల్డరు) హైడ్‌పిడ్=2 తో మౌంట్ చెయ్యండి, కాకపోతే జీఐడీ= తో ఒక గ్రూపుకి మినహాయింపు ఇచ్చి సిస్టమ్‌డీ లాగిండ్‌ని (లాగిన్‌లు చూసుకునే సర్వీసు) అందులో వెయ్యాలి, లేకపోతే లాగిన్ సెషన్లు తడబడతాయి.

సిగ్నల్ పంపే కోడైతే పిడ్‌ఎఫ్‌డీ (నంబరు బదులు ఆ ప్రాసెస్‌నే పట్టుకునే హ్యాండిల్) వాడండి (పంపడం లినక్స్ 5.1 నుంచి, క్లోన్‌తోనే తెచ్చుకోవడం 5.2 నుంచి, నంబరుతో తెరవడం 5.3 నుంచి). సొంత పిల్ల ప్రాసెస్ అయితే వెయిట్ చేసేదాకా (దాని ఫలితం అడిగి తీసుకునేదాకా) జాంబీ (చచ్చినా పట్టీలో మిగిలిన ప్రాసెస్) ఆ నంబరుని పట్టుకునే ఉంటుంది. సిగ్‌చైల్డ్‌ని (పిల్ల చచ్చిందని చెప్పే సిగ్నల్) ఇగ్నోర్ చేస్తే ఆ రక్షణ కూడా పోతుంది, ఇది చాలామంది మర్చిపోతారు.

చిట్టెలుక:
ప్యాచ్ వేసి తీరతానంటే రెండు సంగతులు. లినక్స్ పీఐడీలని 64 గళ్ల ఆకులుండే చెట్టులో దాస్తుంది, ఒక్కో ఆకు 576 బైట్లు. వరసగా ఉన్న పదివేల ప్రాసెస్‌లకి 157 ఆకులు చాలు. నలభై లక్షల పరిధిలో చెల్లాచెదురు చేస్తే దాదాపు ఒక్కోదానికి ఒక్కో ఆకు, అంటే 90 కేబీ పోయి 5 ఎంబీ పైచిలుకు. పెద్ద మొత్తమేం కాదు, అదెలాగోలా భరించొచ్చు. రెండోది ముఖ్యం: ప్రతి పీఐడీ నేమ్‌స్పేస్‌కీ (కంటైనర్‌కి సొంతంగా ఉండే పీఐడీల లోకం) వేరే చెట్టు, అందులో మొదటి ప్రాసెస్ కచ్చితంగా 1 అవ్వాలి. ఆ మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్నుంచి రాండమ్ చెయ్యకపోతే కంటైనర్‌లు లేవనే లేవవు.